మైపాడు రోడ్డు పిట్టలు, తాళమేసిన షట్టరు

నెల్లూరులో లాడ్జీ తీసుకునేటప్పుడు ఏసీ ఉందా, వేడినీళ్ళొస్తాయా అని తర్వాత అడగండి. తెల్లవారుజామున నాలుగున్నరకి షట్టరు తీస్తారా అని ముందు అడగండి. పిట్టల్ని చూడ్డానికి వెళ్ళాం మేం ముగ్గురం. ఎక్స్‌ట్రా బెడ్డుతో కలిపి 1,950 కట్టించుకుని, కౌంటర్లో కుర్రాడు "ఎప్పుడైనా పోవచ్చు సార్" అన్నాడు. పొద్దున దిగి చూస్తే షట్టరుకి లోపల్నుంచి తాళం. తాళంచెవి ఉన్నాయన మేడమీద ఎక్కడో నిద్ర, ఫోనెత్తడు. బయట కారు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. చివరికి మా బావమరిది ట్రైపాడ్‌తో షట్టరు మీద దబదబా బాదితే, ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చి "ఐదున్నరకి పాలోడొస్తాడు గదా, అప్పుడు తీస్తాం" అన్నాడు. అప్పటికే ఐదుంబావు.

అంతటితో అయిందా! ఖాళీ చేసేటప్పుడు పన్నెండు దాటిందని ఇంకో 975 అడిగారు. మేనేజరు నెత్తిమీదే '24 గంటల చెకౌట్' బోర్డు వేలాడుతోంది. చూపిస్తే "అది పాత బోర్డు సార్" అన్నాడు. మా ఆవిడ ఫోను తీసి బోర్డునీ ఆయన్నీ కలిపి ఫొటో తీసింది. బేరం 400కి దిగింది. అదీ దండగే.

స్వర్ణాల చెరువుకి చేరేసరికి ఎండెక్కింది. నామాలకోళ్ళు, నీటికాకులు, గుర్రపుడెక్క, అంతే.

పిట్టలంటే అందరూ జనవరి, నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు అంటారు. 2022లో నేలపట్టు, పులికాట్ దగ్గరి సూళ్ళూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయాయి. పోయినా నాకు పెద్ద దిగులు లేదు, ఎందుకంటే నాకు సెప్టెంబరే ఇష్టం. ఈశాన్య వానలు ఇంకా మొదలవవు, చెరువుల్లో నీళ్ళు తగ్గి ఒడ్డున బురద తేలుతుంది. బురదలో ముక్కు పెట్టి పురుగులేరుకునే ఉల్లంకి పిట్టలకి కావలసింది అదే. చెరువులు నిండాక వాటికి చోటుండదు, అప్పుడు బాతుల వంతు.

ఆ బురద మాకు చెరువులో దొరకలేదు. ఇందుకూరుపేట దాటాక మైపాడు దారిలో, పట్టుబడి అయిపోయి నీళ్ళు తీసేసిన రొయ్యల గుంతలో దొరికింది. ట్రైపాడ్ చూసి కాపలాదారు పరుగున వచ్చాడు. "సర్వేకొచ్చారా సార్? మాకు కాయితాలన్నీ ఉండాయి." పిట్టల కోసమంటే నమ్మలేదు. దుర్భిణిలో కళ్ళు పెట్టి చూడమన్నాక నవ్వి, "రొయ్య ఉన్నప్పుడు వీటిని టపాకాయలు కాల్చి తరుముతాం. ఇప్పుడు ఖాళీ గదా, తిననీండి" అన్నాడు.

ఎంత తింటున్నాయో! ఉల్లంకుల్లో బుల్లివైన లిటిల్ స్టింట్లు కాళ్ళ కింద యంత్రం పెట్టినట్టు పరుగులు. పక్కనే కర్లూ శాండ్‌పైపర్లు, అవీ ఉల్లంకులే, పొట్టమీద ఇటుకరంగు మరకలు ఇంకా పోలేదు. సైబీరియా టండ్రాలో గుడ్లు పొదిగిన పెద్దవి ముందొస్తాయి, పిల్లలు తర్వాత వాటంతటవే దారి వెతుక్కుని వస్తాయి. నవంబరులో చూస్తే అన్నీ బూడిదరంగే, ఆ ఎరుపు దొరకదు. పక్క గుంటలో నాలుగు గార్గనీ బాతులు. వలస బాతుల్లో ముందుగా దిగేవి ఇవే. ఈ నెలల్లో మగదానికీ కంటిమీద వెడల్పాటి తెల్లపట్టీ ఉండదు, ఆడదానిలాగే ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్క ముందుభాగంలో లేత నీలిబూడిద రంగు చూసి పోల్చుకోవాలి. అది మొదట పట్టింది మా ఆవిడ. అప్పటిదాకా కారులో మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి!

బావమరిదికి మాత్రం ఆకలి. "బావా, పిట్టలు తింటున్నాయి, మనమో?" అంటుంటే కాపలాయన విన్నాడు. షెడ్డులోంచి రాత్రి మిగిలిన చేపల పులుసు, అన్నం తెచ్చాడు. మర్నాటి పులుసు రుచి నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు. 220 పెట్టి ముందురోజు హోటల్లో తిన్నది దీని ముందు చింతపండు నీళ్ళు. డబ్బిస్తే తీసుకోలేదు. కారుకి 2,600, వెయిటింగు 150 అయింది, దానికి బాధలేదు.

వెళ్ళేవాళ్ళు అడక్కుండా గట్టెక్కొద్దు, కుక్కలుంటాయి. నీళ్ళు తీసిన గుంతని ఎండబెట్టి సున్నం చల్లేస్తారు, ఆ తర్వాత పిట్టలుండవు. ఈపాటికి మేం చూసినదానికీ చల్లేసి ఉంటారు. పట్టుబడి కొత్తగా ఎక్కడైందో దారిలో టీకొట్టులో అడగండి, చెప్తారు.