రవీంద్రభారతి: కుర్చీలోంచి, తెర వెనక నుంచి

హైదరాబాదులో ఇప్పుడు ఇంతకంటే పెద్ద హాళ్ళున్నాయి, ఇంతకంటే మెత్తని కుర్చీలున్న హాళ్ళూ ఉన్నాయి. అయినా అరంగేట్రం ఆహ్వాన పత్రికలో వేదిక దగ్గర ‘రవీంద్రభారతి’ అని అచ్చయితే, ఆ పిల్ల తల్లిదండ్రులు పత్రిక చేతికిచ్చే తీరే వేరు. ప్రేక్షకుడిగానూ, ఒక చిన్న నాటక సమాజంలో తెర వెనక పనులు చూసేవాడిగానూ ఏళ్ళ తరబడి ఈ ఆవరణలో తిరిగాను. నా దృష్టిలో ఇది ముందు నాట్యశాల, ఆ తర్వాతే సభాభవనం. నాటకానికైతే ఇక్కడి ఏ హాలు తీసుకోవాలో కాస్త ఆలోచించుకోవాలి.

పేరులోనే పుట్టుక ఉంది. 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి వచ్చింది. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని దేశంలో చాలా నగరాల్లో ఆయన పేరిట రంగశాలలు లేచాయి. కలకత్తాలో రవీంద్ర సదన్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర, చండీగఢ్‌లో ఠాగూర్ థియేటర్ అలా వచ్చినవే. మన వాటాకు ఇది దక్కింది. 1960లో శంకుస్థాపన జరిగితే, మరుసటి ఏడాది మే నెలలో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. భవనానికి రూపమిచ్చినది మహమ్మద్ ఫయాజుద్దీన్. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదేళ్ళు కూడా నిండలేదు, ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య. శాసనసభకు కూతవేటు దూరంలో రంగశాల కట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, రెండు చోట్లా మైకు కోసం పోటీ మాత్రం ఎన్నడూ తగ్గలేదు.

ప్రధాన మందిరంలో వెయ్యి మందికి పైగా కూర్చోవచ్చు. వేదిక విశాలం. కూచిపూడి బృందం వరసగా నిలబడి చేతులు చాచినా ఒకరికొకరు తగలరు. తరంగం చూడాలంటే నేనైతే ఇక్కడే చూస్తాను. నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద కాళ్ళు మోపి, మృదంగం జతికి తగ్గట్టు పళ్ళాన్ని ముందుకు జరుపుతూ వస్తుంటే, మడమలు లేపి దించడం మధ్య వరుసల దాకా తెలుస్తుంది. మొదటి వరుసలో కూర్చుంటే తల ఎత్తి చూడాలి, పైగా నర్తకి పాదాలు కంటికి సరిగ్గా ఆనవు. ఎలాగూ ఆ సోఫాలు అతిథులవి కాబట్టి మనకు ఆ బాధ లేదు.

నాటకం సంగతి వేరు. ముఖంలో చిన్న కదలిక మీద నడిచే సాంఘిక నాటిక ఇంత పెద్ద మందిరంలో పలచబడిపోతుంది. పౌరాణికానికి ఆ ఇబ్బంది లేదు, పద్యం ఎత్తుకుంటే వెనక గోడ దాకా వెళ్తుంది. పౌరాణికానికి అసలు శత్రువు సన్మానం. ఒక సంస్థ జరిపిన ఉత్సవంలో సాయంత్రం ఆరున్నరకు మా నాటకం. ముఖాలకు రంగు వేసుకుని వింగ్స్‌లో నిలబడితే వేదిక మీద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వరసగా లేస్తున్నారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు. కృష్ణుడి వేషం కుర్రాడికి చెమట పట్టి తిలకం ముక్కు మీదికి జారింది. మేకప్ ఆయన రెండుసార్లు దిద్దాడు, మూడోసారి కుంచె పక్కన పెట్టి, “ముందు ఆ మైకు దించమనండి బాబూ” అన్నాడు. చివరికి కుర్చీలైతే తీశారు, ఫ్లెక్సీ విప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. హస్తినాపురం కొలువు వెనక దాతల ఫోటోలతోనే రాయబారం నడిచింది. ఇందులో హాలు తప్పేమీ లేదు. గంటలు అద్దెకిస్తారు గానీ, ఆ గంటల్లో ఎవరు మాట్లాడాలో హాలు చెప్పదు కదా.

పుస్తకావిష్కరణలకు, సంస్మరణ సభలకు మినీ హాలు, సమావేశ మందిరం ఉన్నాయి. వంద మంది వచ్చే సభకు అవే అందం. పెద్ద మందిరం తీసుకుంటే ఆ వంద మందీ తలో మూల కూర్చుని సభ బోసిపోతుంది. ఇదే ఆవరణలో పైడి జైరాజ్ పేరిట ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి, హిందీ తెర మీద వెలిగి, 1980లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న నటుడాయన. శనివారాల్లో ‘సినివారం’ పేరిట కొత్త దర్శకుల లఘుచిత్రాలు వేసింది ఇక్కడే. తీసినవాళ్ళను ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలడిగే వీలు మల్టీప్లెక్సుల్లో ఎక్కడ దొరుకుతుంది?

ఆవరణలో ఘంటసాల విగ్రహం ఉంది. 2017 ప్రపంచ తెలుగు మహాసభల్లోనూ ఇదొక వేదిక. ప్రభుత్వ హాలు కాబట్టి ఉగాది పంచాంగ శ్రవణం, కాళోజీ జయంతి వంటివి ఇక్కడ జరుగుతుంటాయి. పండుగల దగ్గర తేదీ కావాలనుకునే సంస్థలు ముందే మాట్లాడుకోవాలి.

కొత్తగా వెళ్ళేవారికి రెండు మాటలు. బండి తీయకండి, అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గరే, లక్డీకాపూల్ నుంచి కూడా నడిచి రావచ్చు. పురస్కార సభ తర్వాత నాటకం అని ఉంటే, పత్రికలో వేసిన సమయానికి గంట ఆలస్యంగా వచ్చినా పోయేదేమీ ఉండదు. అరంగేట్రానికి మాత్రం ఆరంటే ఆరింటికే కూర్చోండి. అక్కడ అతిథుల్ని మధ్యలో పిలుస్తారు, కాఫీకి లేవాలనుకుంటే అప్పుడు లేవవచ్చు.