విన్‌డర్‌స్టాట్ రివ్యూ: అప్‌గ్రేడ్ అయ్యాక సి డ్రైవ్ నిండిపోయిందా, ముందు ఇది వేసి చూడండి

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది 128 జీబీ ఎస్ఎస్‌డీ. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా అని 11కి అప్‌గ్రేడ్ చేశాం, అంతా బానే అయింది, తీరా మర్నాడు చూస్తే సి డ్రైవ్ గీత ఎర్రగా ఉంది, మిగిలింది 3 జీబీ. కొత్తగా ఒక్క సాఫ్ట్‌వేర్ వేయలేదు, ఒక్క ఫోటో ఎక్కించలేదు. కంగారులో వాడు ఏదో క్లీనర్ యాప్ దించి రన్ చేస్తే అది 400 ఎంబీ ఖాళీ చేసి, బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న సైట్లన్నిట్లోంచీ బయటికి నెట్టేసింది. ఇంక ఏం నొక్కకురా అని చెప్పి నేను విన్‌డర్‌స్టాట్ వేశాను.

ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్, యాడ్స్ గొడవ లేదు. డ్రైవ్ అంతా తిరిగి చూసి ఏ ఫోల్డర్ ఎంత తింటోందో పెద్దదాని నుంచి వరుసగా చూపిస్తుంది, దాంతో పాటు రంగు గళ్ల బొమ్మ ఒకటి వస్తుంది, అందులో ఒక్కో గడి ఒక్కో ఫైలు, ఫైలు ఎంత పెద్దదైతే గడి అంత పెద్దది, రంగు ఫైల్ రకాన్ని బట్టి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ బొమ్మే, ఎందుకంటే ఊహించుకోవడం ఆగిపోతుంది, ఎక్కడ పోయిందో కంటికి కనబడుతుంది. కాకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి, లేకపోతే కొన్ని సిస్టమ్ ఫోల్డర్లలోకి వెళ్లలేక లెక్క తగ్గిపోతుంది.

మా దాంట్లో పెద్దది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్, 22 జీబీ! అది చెత్త కాదండీ, పాత విండోస్. కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజులు అలా ఉంచి తర్వాత విండోసే తీసేస్తుంది. కాబట్టి ఇబ్బంది లేనివాళ్లు ఆగితే చాలు. మాకు 3 జీబీతో పని నడవదు కాబట్టి తీయాల్సిందే, కానీ తీశాక వెనక్కి వెళ్లే దారి ఉండదు, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

విన్‌డర్‌స్టాట్‌లో డిలీట్ బటన్ ఉంది గానీ సిస్టమ్ ఫోల్డర్ల జోలికి దాంతో వెళ్లొద్దు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్‌కి వెళ్తే ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అని ఉంటుంది, టిక్ పెట్టి తీసేయడమే. అదే లిస్టులో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది చూడండి, అది మీ సొంత ఫోల్డర్, దానికి టిక్ ఉందో లేదో రెండు సార్లు చూసుకోండి, సర్టిఫికెట్లు, ఫీజు రసీదులు అన్నీ అక్కడే పడేసి ఉంచుతాం.

తర్వాత కనిపించింది హైబర్నేషన్ ఫైల్ (తెరిచి ఉన్న పని ఉన్నదున్నట్టు డ్రైవ్‌లో దాచి ల్యాప్‌టాప్ ఆఫ్ అవ్వడానికి విండోస్ వాడేది), 3 జీబీ పైన. హైబర్నేషన్ ఆఫ్ చేస్తే అది పోతుంది గానీ ఫాస్ట్ స్టార్టప్, అంటే తొందరగా ఆన్ అయ్యే సదుపాయం కూడా పోతుంది, మేం ఉంచేశాం. విండోస్ ఫోల్డర్ లోపల విన్ఎస్ఎక్స్ఎస్ అని, విండోస్ తన సొంత ఫైళ్లు పెట్టుకునే ఫోల్డర్ ఇంకోటి భయపెడుతుంది. ఒకే ఫైలు రెండు చోట్ల నమోదై ఉండటం వల్ల ప్రాపర్టీస్‌లో దాని సైజు అసలుకన్నా ఎక్కువ కనిపిస్తుంది, చేత్తో అస్సలు తీయకండి, విండోస్ అసలు ఆన్ కాకుండా పోవచ్చు.

లోపం ఏంటంటే ఈ ప్రోగ్రామ్ ఏది ఎంతుందో చెబుతుంది తప్ప ఏది తీయొచ్చో చెప్పదు, కొత్తవాళ్లకి అదే ప్రమాదం, పక్కన తెలిసినవాళ్లు ఉంటే మంచిది. ఒక స్టార్ అందుకే తగ్గించాను, 5కి 4.

మేం విండోస్.ఓల్డ్‌ని అదే రోజు తీయలేదు, 11లో అన్నీ పనిచేస్తున్నాయో లేదో ముందు చూసుకుందాం అనుకున్నాం. ప్రింటర్‌లో స్కాన్ పనిచేయలేదు, కొత్త డ్రైవర్ వేసి, వాడి ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ చేసి చూసి, వీడియోలు కొన్ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి నెట్టుకొచ్చాం, ఆరో రోజు విండోస్.ఓల్డ్ తీశాం. ఇప్పుడు 27 జీబీ ఖాళీ ఉంది.