దారిలో బండి ఆగినప్పుడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఎంతవరకు ఆదుకుంటుంది?

కారు కొన్నప్పుడు కంపెనీ ఇచ్చిన రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (బండి దారిలో ఆగిపోతే మెకానిక్‌నో క్రేన్‌నో పంపే సేవ) గడువు తీరిపోయిన నాటి నుంచి, ఆ సదుపాయాన్ని బీమా పాలసీకి యాడ్-ఆన్‌గా, అంటే అదనపు ప్రీమియం కట్టి, ఏటా తీసుకుంటూ వస్తున్నాను. ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలిందేమిటంటే, ఇది హైదరాబాద్‌లో నమ్మదగినదే గాని, నగరానికి దూరమయ్యేకొద్దీ దాని మీద భరోసా తగ్గుతుంది. ఫోన్ ఎత్తేది కాల్ సెంటర్ అయినా, వచ్చేది ఆ ప్రాంతంలో కంపెనీతో ఒప్పందం ఉన్న క్రేన్ యజమాని బండి కాబట్టి, అలాంటివారు దగ్గరలో ఉన్నారా లేరా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

నగరంలో అనుభవం బాగుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బ్యాటరీ దిగిపోతే, మెకానిక్ జంప్ స్టార్టర్‌తో బైక్ మీద గంటలోపే వచ్చాడు. బండిని స్టార్ట్ చేసి ఊరుకోకుండా, టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొరను వేడినీళ్లతో కడిగి, క్లాంపులు బిగించి మరీ వెళ్లాడు. అదే టోయింగ్, అంటే బండిని తరలించడం, అవసరమై ఉంటే కష్టమయ్యేది, ఎందుకంటే కారును మొత్తంగా మీదికెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ సెల్లార్ కప్పు ఎత్తుకు లోపలికి పట్టదు.

అసలు పరీక్ష హైవే మీదే ఎదురైంది. విజయవాడ నుంచి వస్తుండగా, సూర్యాపేట దాటాక, రాత్రివేళ క్లచ్ ప్లేట్ పోయింది. కాల్ సెంటర్ వారికి కిలోమీటరు రాయి మీది అంకె చెబితే, వారు పిన్ కోడ్ అడిగారు. లొకేషన్ లింక్ పంపాక గాని ఫిర్యాదు నమోదు కాలేదు. గంటన్నరలో వస్తుందన్న బండి మూడు గంటల తరువాత వచ్చింది. ఈలోగా నన్ను కాపాడింది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033. పెట్రోలింగ్ బండి వచ్చి వెనుక కోన్‌లు పెట్టింది, ఆపై క్రేన్ వచ్చి కారును లారీల దారి నుంచి తప్పించి సురక్షితమైన చోటికి చేర్చింది. ఇందుకు రూపాయి కూడా తీసుకోలేదు. టోల్ కట్టే ప్రతి ఒక్కరికీ ఈ సేవ మీద హక్కుంది, కాబట్టి హైవే మీద ముందు 1033కు, ఆ తరువాతే బీమా కంపెనీకి ఫోన్ చేయడం మంచిది.

బీమా కంపెనీ తరఫున వచ్చిన బండి డ్రైవర్‌తో దూరం గురించి పేచీ వచ్చింది. నా పథకంలో ఉచిత టోయింగ్ 50 కిలోమీటర్ల వరకే; బండి హైదరాబాద్ చేరాలంటే మిగతా దూరానికి రసీదు లేకుండా నగదు ఇమ్మన్నాడు. కాల్ సెంటర్‌ను లైన్‌లోకి తీసుకున్నాకే కిలోమీటరు లెక్కన బిల్లు ఇచ్చాడు. పైగా అది ముందు చక్రాలను పైకెత్తి లాగే బండి. నా కారులో ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే గనుక ఇబ్బంది లేకపోయింది గాని, నాలుగు చక్రాలనూ ఇంజన్ తిప్పే ఆల్ వీల్ డ్రైవ్ కార్లకూ చాలా విద్యుత్ కార్లకూ ఫ్లాట్‌బెడ్ తప్పనిసరి. ఆ మాట మొదటి ఫోన్‌లోనే గట్టిగా చెప్పాలి.

ప్రమాదం జరిగితే లెక్క వేరు. మన కారుకు జరిగిన నష్టాన్ని భరించే మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీలో కారును తరలించే ఖర్చుకు ఉన్న పరిమితి ప్రమాదానికి 1500 రూపాయలు మాత్రమే, ఈ రోజుల్లో అది ఏ మూలకూ చాలదు. కొన్ని రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పథకాలు బండి చెడిపోవడానికే వర్తిస్తాయి, ప్రమాదానికి వర్తించవు. షరతుల్లో నేను ముందుగా వెతికేది ఈ వాక్యాన్నే. విడిభాగాల ధర, తెచ్చిచ్చే పెట్రోలు ధర ఎలాగూ మనవే.

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రి తొమ్మిది తరువాత అటవీశాఖ గేట్లు మూసేస్తారు. అక్కడ ఏ పథకమైనా ఫోన్ కలిసిన తరువాతి మాటే, అందుకే ఆ ప్రయాణానికి స్టెప్నీలో గాలి, జాకీ, జంపర్ కేబుళ్లు నేనే చూసుకుంటాను.

ఈసారి రెన్యువల్‌లో పాత పథకం వదిలి, 100 కిలోమీటర్ల వరకు ఫ్లాట్‌బెడ్ అని పాలసీ పత్రంలోనే రాసి ఇచ్చే పథకం తీసుకున్నాను. ప్రీమియంలో తేడా కొన్ని వందలే.