బెంగళూరు చెరువులనూ చెట్లనూ చదివిన పుస్తకం

హరిణి నాగేంద్ర రాసిన ‘నేచర్ ఇన్ ది సిటీ’ 2016లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన పరిశోధన గ్రంథం. శాసనాలు, పాత పటాలు, క్షేత్ర పరిశీలన, ఈ మూడింటినీ కలిపి, బెంగళూరు తన చెట్లతోనూ చెరువులతోనూ ఎలా బతికిందో, ఆ బంధం ఎక్కడ తెగిందో రచయిత్రి ఓపికగా వివరిస్తారు.

అన్నిటికన్నా నన్ను పట్టి నిలిపినది సంపంగి చెరువు కథ. 1890లలో ఊరి బయటి హెసరఘట్ట జలాశయం నుంచి గొట్టాల ద్వారా నీరు రావడం మొదలయ్యాక ఊరి చెరువుల అవసరం సన్నగిల్లింది. ఒకప్పుడు చుట్టుపక్కల తోటలను తడిపిన ఆ చెరువు క్రమంగా కుంచించుకుపోయి, చివరికి ఆ నేల మీద కంఠీరవ స్టేడియం లేచింది. నగరంలో ఏటా జరిగే కరగ అనే సంప్రదాయ ఉత్సవంతో ముడిపడిన చిన్న కుంట ఒక్కటే ఇప్పుడు దాని ఆనవాలు.

మురికివాడల్లో పాత డబ్బాలలో పెంచుకునే మొక్కలను సైతం నగర ప్రకృతిలో భాగంగా లెక్కించడం ఈ రచనలోని మరో విశేషం. అయితే భూముల వెనుక నడిచే రాజకీయాన్ని ఇంకా లోతుగా తవ్వి ఉండవలసిందని నాకనిపించింది. ఆంగ్లం విద్వత్ శైలిలోనే సాగినా పరిభాష బరువు తక్కువ. భూగోళశాస్త్రం, నగర ప్రణాళిక చదివే విద్యార్థులు నిస్సంకోచంగా కొనవచ్చు.