ముసలి ఎలుకకు కంతి ఆపరేషన్: బరంపురం వైపు దొరికే వైద్యం ఎలా ఉంది

ఇంట్లో పెంచుకునే తెల్లెలుకకో, హామ్‌స్టర్‌కో, గినీ పిగ్‌కో ముసలితనంలో కంతి లేస్తే గంజాం, గజపతి జిల్లాల్లో వెళ్లడానికి మూడు చోట్లున్నాయి. ఊళ్లో పశువుల ఆసుపత్రి, కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ప్రైవేటు క్లినిక్కు, లేదంటే భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాల. పర్లాకిమిడి, రాయగడ వాళ్లు సరిహద్దు దాటితే ఆంధ్రలో గరివిడి పశువైద్య కళాశాల ఉంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: కంతి ఏమిటో తేల్చుకోవడానికి ఊళ్లో వైద్యం చాలు, దానికి 5కి 4 ఇస్తాం. కోయించాలంటే మాత్రం గ్యాసు మత్తు లేని చోట 5కి 1 కూడా ఇవ్వలేం.

తొలి పరీక్షలో అడగాల్సింది సూది పరీక్ష. 23 లేదా 25 గేజి సన్న సూదితో కంతిలోంచి కాస్త తీసి స్లైడు మీద చూస్తారు. చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. చిక్కటి చీము వస్తే అది కంతి కాదు, చీముగడ్డ. గినీ పిగ్‌ల మెడ కింద వాపుల్లో ఇవి ఎక్కువ. హామ్‌స్టర్ బుగ్గసంచిలో గింజలు ఇరుక్కుపోయినా, మగవాటి వృషణాలు ఉబ్బెత్తుగా కనిపించినా కంతి అని కంగారుపడి తెచ్చేవాళ్లుంటారు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆడ తెల్లెలుక పాలగ్రంథి కంతి గట్టిగా, పీచుగా ఉంటుంది కాబట్టి సూదికి కణాలు సరిగా రావు. ‘ఏమీ రాలేదు’ అంటే ‘ఏమీ లేదు’ అని కాదు.

ఆ పాలగ్రంథి కంతుల్లో పదింట ఎనిమిది, తొమ్మిది కేన్సర్ కానివే. చర్మం కింద గుండ్రంగా, వేలితో తోస్తే జారుతూ ఉంటాయి. చిట్టెలుకల్లో లెక్క తిరగబడుతుంది, ఎక్కువ భాగం కేన్సరే. అందుకే ఒకదానికి చెప్పిన సలహా ఇంకొకదానికి పనికిరాదు. ఎలుకకి పాలగ్రంథులు మెడ దగ్గర్నుంచి గజ్జల దాకా పరుచుకుని ఉంటాయి. చంకలో, భుజం పక్కన, తొడ దగ్గర ఎక్కడైనా కంతి రావచ్చు. ఒకటి తీయించాక ఇంకోచోట మళ్లీ లేవడం మామూలే. డాక్టరు ఈ మాట ముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

తెల్లెలుక ఆయుష్షు 2 నుంచి 3 ఏళ్లు, హామ్‌స్టర్‌ది దాదాపు 2, గినీ పిగ్‌ది 5 నుంచి 8. అలాగని వయసు ఒక్కటే చూసి వద్దనడం సరికాదు. రెండేళ్లు దాటినా ఊపిరి చప్పుడు లేకుండా, బరువు నిలబెట్టుకుని, గూట్లో ఎక్కి దిగుతున్న ఎలుకకి శనగగింజంత కంతి ఉంటే తీయించడం మేలు. నిమ్మకాయంత అయ్యేదాకా ఆగితే దానికి పాకిన రక్తనాళాలూ పెద్దవవుతాయి. 300 గ్రాముల ఎలుక ఒంట్లో మొత్తం రక్తం సుమారు 20 మిల్లీలీటర్లే. 2 మిల్లీలీటర్లు పోతే పదో వంతు పోయినట్టు, 4 పోతే ప్రాణం మీదికొస్తుంది. పైగా పెద్ద కంతి నేలకి రాసుకుని పుండు పడుతుంది.

ఊపిరి తీస్తుంటే గురగురమంటున్నా, పక్కలు ఎగరేస్తున్నా మత్తు తట్టుకోదు. ముందు కాళ్లతో గింజ పట్టుకోలేకపోతుంటే, తల ఒరిగిపోయి గుండ్రంగా తిరుగుతుంటే మెదడు కింది గ్రంథిలో కంతి ఉందేమో అనుమానించాలి. అలాంటప్పుడు పై కంతి కోయించి లాభం లేదు. కంతి పెరుగుతున్నా తూకం పెరగడం లేదంటే ఒళ్లు కరిగిపోతోందని అర్థం.

అసలు తేడా మత్తు దగ్గరే. ఫోను చేసి మొదట అడగాల్సిన ప్రశ్న, ‘మీ దగ్గర ఐసోఫ్లూరేన్ గ్యాసు ఉందా, ఎలుకంత జంతువుకి సరిపోయే మాస్కు ఉందా?’ అని. గ్యాసైతే ఎంతివ్వాలో క్షణక్షణం సర్దొచ్చు, ఆపిన కొద్ది నిమిషాల్లో లేస్తుంది. కెటమిన్, జైలజిన్ సూదులైతే ఎక్కువైనప్పుడు సర్దడం కష్టం. గంటల తరబడి పడుకుంటుంది, ఒళ్లు చల్లబడుతుంది, ముసలి మూత్రపిండాలకి భారం. కుక్కల్ని తూచే కాటా మీద ఎలుక బరువు సరిగా తెలియదు. ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా మీరే పట్టుకెళ్లండి.

‘రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు’ అన్నారంటే అది కుక్కల పద్ధతి. ఎలుకలు, గినీ పిగ్‌లు వాంతి చేసుకోలేవు, కాబట్టి మత్తులో వాంతి అవుతుందన్న భయం లేదు. పస్తు పెడితే చక్కెర పడిపోతుంది, గినీ పిగ్‌కి పేగు కదలిక ఆగిపోతుంది. నోరు శుభ్రంగా ఉండటానికి గంటో రెండు గంటలో ముందు తిండి తీసేస్తే సరిపోతుంది.

కుట్ల గురించీ అడగండి. పైకి కనిపించే దారాన్ని ఎలుక ఆ రాత్రే కొరికేస్తుంది. చర్మం లోపలి పొరలో కరిగే దారంతో కుట్టి, పైన చర్మం అతికించే వైద్యపు జిగురు వేయాలి. కుట్లు కొరక్కుండా కుక్కలకి వేసే మెడ పట్టీని ఎలుకలు సహించవు.

మందుల చీటీ షాపులో ఇచ్చేముందు చదవండి. గినీ పిగ్‌కి, హామ్‌స్టర్‌కి అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణం తీసే విరేచనాలు పట్టుకుంటాయి. తెల్లెలుకకి అమాక్సిసిలిన్ ఫరవాలేదు. నొప్పికి మెలాక్సికామ్ ద్రవం రాస్తే సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజితో కొలవండి. మిల్లీలీటరుకి 1.5 మిల్లీగ్రాముల మందులో 0.3 మిల్లీగ్రాములు ఇమ్మంటే 0.2 మిల్లీలీటర్లు. ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు: యూ-40 రకం మీద అది 8 యూనిట్లు, యూ-100 రకం మీద 20 యూనిట్లు. ఒకదానికి చెప్పిన అంకె రెండోదాని మీద కొలిస్తే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

భువనేశ్వర్ ప్రయాణం కూడా ఆపరేషన్‌లో భాగమే అనుకోండి. బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్లు. వైశాఖపు ఎండలో గినీ పిగ్‌కి వడదెబ్బే ముందు తగులుతుంది. తెల్లవారుజామునే బయల్దేరి, నీళ్ల సీసా బదులు దోసకాయ ముక్కలు పెట్టండి. ఎలుకల్ని ఏ రోజు చూస్తారో, శస్త్రచికిత్స చేస్తారో లేదో కనుక్కోకుండా రైలెక్కొద్దు. ఖర్చు అడిగేటప్పుడు మత్తు, కోత, మందులు విడివిడిగా చెప్పించుకోండి. తీసిన కంతిని ల్యాబుకి పంపాలా అంటే, రెండేళ్లు దాటిన ఎలుకకి ఆ ఫలితం వల్ల వైద్యం మారేది అరుదు. ఆ డబ్బు మంచి మత్తుకి పెట్టడం నయం.

తిరుగు ప్రయాణం గినీ పిగ్ తిని, పెంటికలు వేశాకే. తినకపోతే నానబెట్టిన గుళికల తిండి సిరంజితో కొద్దికొద్దిగా పట్టాలి. పుండు మానాలంటే విటమిన్ సి కావాలి, చిన్న జామముక్క మంచిది. గూట్లో రంపపు పొట్టు తీసేసి పాత నూలుగుడ్డ పరచండి. కరెంటు పోతే గోరువెచ్చటి నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టండి, వేడెక్కితే అవతలికి జరగడానికి చోటుండాలి. తెల్లెలుక కళ్ల చుట్టూ ఎర్రటి పొర కనిపిస్తే అది రక్తం కాదు, కానీ నొప్పికో బెంగకో గుర్తు.

కోయించకూడదని నిర్ణయించుకుంటే ఊళ్లో డాక్టరే చాలు. నొప్పిమందు, పుండు పడితే సెలైన్‌తో కడగడం, మెట్లు లేని గూడు, రెండు రోజులకోసారి తూకం. చివరికి తిండి మానేసి మూలన ముడుచుకుంటే నొప్పిలేకుండా పంపించమని అడగొచ్చు. అయితే ముందు పూర్తిగా మత్తులోకి పంపి, ఆ తర్వాతే చివరి సూది వెయ్యాలి. మెలకువలో ఉన్నదానికి గుండెలోకి సూది వేస్తామంటే ఒప్పుకోకండి, జంతువుని తీసుకుని వచ్చేయండి.