టీకి పిలిచాక ఏది మేలు: బజ్జీలా, దిబ్బ రొట్టా, కీరా శాండ్‌విచ్చా?

పోయిన శ్రావణంలో నాతో ఇంటర్ చదివినవాళ్ళు ఏడుగురు మా ఇంటికొచ్చారు. పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీద ఇల్లు మాది. భీమవరం నుంచి ముగ్గురు, నరసాపురం నుంచి ఇద్దరు, చించినాడ వంతెన దాటుకుని అమలాపురం వైపు నుంచి ఇద్దరు. బజ్జీలు వేస్తానని ఫోన్లోనే గొప్పలు పోయాను. వేశాను కూడా. నాలుగింటికి పొయ్యి ముందు నిలబడ్డదాన్ని ఐదుంపావుకి గానీ ఇవతలికి రాలేదు. ఈలోగా వసారాలో మా కెమిస్ట్రీ లెక్చరర్ గారి సంగతేదో తలుచుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. "ఏంటే, ఏంటే" అంటూ జల్లిగరిటెతో పరిగెత్తుకొస్తే "ముందు ఆ వాయి దించవే, మాడు వాసనొస్తోంది" అన్నారు. ఆ కథేంటో నాకిప్పటికీ పూర్తిగా తెలీదు.

ఈ ఆదివారం మళ్ళీ వస్తున్నారు. అందుకే ఈసారి ఏం పెట్టాలా అని వారం రోజుల నుంచీ తూకం వేస్తున్నాను.

హైదరాబాదులో ఉండే మా మేనకోడలు "హై టీ పెట్టత్తా, ఫొటోలు బావొస్తాయి" అంది. మన హోటళ్ళవాళ్ళు అలా రాయబట్టి అందరం అలాగే అంటున్నాం గానీ, ఇంగ్లండులో హై టీ అంటే పని దిగి ఇంటికొచ్చిన కార్మికులు సాయంత్రం ఐదారింటికి మాంసం, రొట్టె పెట్టుకుని టీతో కానిచ్చే భోజనం. మనం అనుకునే తీరుగా నలుగురిని పిలిచి చిరుతిళ్ళతో ఇచ్చేది ఆఫ్టర్‌నూన్ టీ. దాన్ని 1840ల్లో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా అనే ఆవిడ మొదలుపెట్టిందని చెబుతారు. వాళ్ళకి రాత్రి భోజనం బాగా పొద్దుపోయాక. నాలుగయ్యేసరికి నీరసం వచ్చేసి టీ, రొట్టె, వెన్న గదిలోకే తెప్పించుకునేదట. ఆనక స్నేహితురాళ్ళనీ పిలవడం మొదలెట్టింది.

ఆవిడకి నాలుగింటికి ఆకలేసేది. అసలు తేడా అక్కడే ఉంది. మనవాళ్ళు ఆదివారం ఒంటిగంటన్నరకి పప్పు, వేపుడు, పులుసు, గడ్డపెరుగు దాకా లాగించి, చిన్న కునుకు తీసి వస్తారు. పొట్టలో చోటుండదు, నోటికి మాత్రం ఏదో కావాలి. కాబట్టి పదిరకాలు చెయ్యడం శుద్ధ దండగ. ఒక వేడిది, ఒక తీపి, డబ్బాలో ఉన్న జంతికలో చేగోడీలో. చాలు.

ఆ వేడిది ఏదన్నదే గొడవంతా.

బజ్జీలకి పేరు పెట్టడానికి లేదు. బయట వాన పడుతుంటే, బొంత అరటికాయ చక్రాలు శనగపిండిలో ముంచి నూనెలో జారవిడిచినప్పుడు వచ్చే ఆ వాము వాసన ఇంకే పలహారానికీ రాదు. నాకు మిరపకాయ బజ్జీ కన్నా అరటికాయదే ఇష్టం. మిరపకాయ తిన్నవాళ్ళు టీ తాగలేరు, నాలుక మండిపోతూ ఉంటుంది. కానీ లెక్క చూడండి. నాతో కలిపి ఎనిమిదిమంది, తలా నాలుగు, ముప్ఫైరెండు బజ్జీలు. మా బాండీలో వాయికి ఆరు పడతాయి. వాయికి నాలుగు నిమిషాలు. ఆరు వాయిలు, అరగంట. మధ్యలో పిండి పల్చబడిందని కలపడం, "ఇంకో నాలుగు వెయ్యవే" అంటే మళ్ళీ వెయ్యడం, గంట దాటేస్తుంది. పోనీ ముందే వేసి ఉంచుదామా అంటే పది నిమిషాల్లో మెత్తబడతాయి. హాట్ ప్యాక్‌లో పెడితే మరీ ఘోరం. లోపలి ఆవిరి బయటికి పోయే దారిలేక పైపొరనే నానబెడుతుంది, మూతకి చెమట పట్టి చుక్కలు మళ్ళీ వాటి మీదే పడతాయి. బజ్జీ అంటే వేసేవాళ్ళు ఒకరు, తినేవాళ్ళు ఇంకొకరు. ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి సాయం ఉంటే బజ్జీలకే ఓటు. లేకపోతే వద్దు.

దిబ్బ రొట్టె వ్యవహారం వేరు. దాని మానాన అది కాలుతూ ఉంటుంది, మన మానాన మనం కబుర్లు చెప్పుకోవచ్చు. గ్లాసున్నర మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యపు రవ్వ, రెండు రొట్టెలకి సరిపోతుంది. రాత్రి నానబెట్టి పొద్దున్నే రుబ్బేస్తే మధ్యాహ్నానికి కాస్త పొంగుతుంది, మరీ పులవదు. ఇనప మూకుడే ఉండాలి. నాన్‌స్టిక్‌లో వేశానొకసారి, అది రొట్టె కాదు, లావుపాటి ఇడ్లీ. మూకుడు బాగా కాగాక నాలుగు గరిటెల నూనె పోసి, రెండంగుళాల మందాన పిండి వేసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించాలి. ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్ళకూడదు. తొందరపడి అట్లకాడ పెట్టారో, అడుగు మూకుడికే ఉండిపోతుంది. అంచు తనంతట తను ఎర్రగా మారి ఇనుముని వదిలి లోపలికి ముడుచుకుంటుంది చూడండి, అదీ తిరగెయ్యాల్సిన సమయం. రెండోవైపు ఏడెనిమిది నిమిషాలు. కత్తి మొన దింపితే పైన కరకరమని, లోపల దూదిలో దిగినట్టు దిగాలి. రెండు పొయ్యిల మీద రెండు మూకుళ్ళు పెడితే అరగంటలో పన్నెండు ముక్కలు. ఆరినా రుచి తగ్గదు, గోరువెచ్చగా ఉన్నప్పుడే మినుము రుచి బాగా తెలుస్తుందని నా నమ్మకం.

రొట్టెలోకి అల్లప్పచ్చడా, కొబ్బరి పచ్చడా అని ఎవరైనా అడిగితే చెరకు పానకం అని చెబుతాను నేను. టీతో మాత్రం పానకం కుదరదు, టీ చప్పబడిపోతుంది. ఆ పూటకి కొబ్బరి పచ్చడే.

ఇక మేనకోడలి శాండ్‌విచ్. నవ్వేసి వదిలెయ్యాల్సిందేమీ కాదు. కీరా పల్చగా తరిగి, ఉప్పు చల్లి పావుగంట ఉంచి నీళ్ళు పిండేసి, బ్రెడ్డుకి రెండువైపులా అంచుల దాకా వెన్న రాసి మధ్యలో పెట్టడమే. వెన్న రుచికొకటే కాదు, కీరా తడి బ్రెడ్డుకి ఎక్కకుండా అడ్డుగోడ కూడా. పొయ్యి వెలిగించే పన్లేదు, ఒక గంట ముందే చేసుకోవచ్చు. కాకపోతే ఫ్యాను కింద పెడితే అరగంటకి అంచులు ఎండి అట్టలైపోతాయి. తడిపి పిండిన పల్చటి గుడ్డ కప్పి ఉంచాలి. ఎండాకాలంలో అయితే నా ఓటు దీనికే వేద్దును. మే నెలలో మా డెల్టా ఉక్కపోతలో పొయ్యి దగ్గర నిలబడమంటే ఎవరికి ఓపిక? వానాకాలంలో మాత్రం చల్లటి కీరా ముక్క ఎవరికీ దిగదు. స్కోన్లు, అంటే టీతో తినే చిన్న బన్నుల్లాంటివి, అవి కూడా చెయ్యమంది గానీ మా ఇంట్లో ఓవెన్ లేదు. వాటి మీద ఇంగ్లండులోని డెవన్‌లో మీగడ ముందు రాసి జామ్ తర్వాత వేస్తారట, కార్న్‌వాల్‌లో జామ్ ముందట. అన్నంలో ఆవకాయ ముందు కలపాలా నెయ్యి ముందు వెయ్యాలా అని మా అన్నదమ్ములు కొట్టుకున్నట్టే ఉంది.

తీపిలో పెద్దగా ఆలోచించలేదు. కాకినాడ గొట్టం కాజా వద్దనుకున్నాను. కొరగ్గానే లోపలి పాకం మోచేతి దాకా కారుతుంది, పట్టుచీర కట్టుకొచ్చినవాళ్ళు తిట్టుకుంటారు. తాపేశ్వరం మడత కాజాతో ఆ భయం తక్కువే గానీ ఒక్కటి తింటే ఇంకేం తినలేరు. పూతరేకే సరైంది, బరువుండదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చుట్టినవి కొనే బదులు ఉత్త రేకులు తెచ్చుకుని ఇంట్లో చుట్టుకోవడం మేలు, నెయ్యి మన చేతిలో ఉంటుంది. తడిగుడ్డతో రేకుని అలా అద్దీ అద్దనట్టు అద్దితే చాలు. ఒక్క చుక్క ఎక్కువైతే కాగితం నీళ్ళలో పడ్డట్టే. మిగిలినవి గాలి తగలని డబ్బాలో పెట్టెయ్యాలి.

టీ దగ్గర నాకూ మేనకోడలికీ అస్సలు పడలేదు. డార్జిలింగ్ ఆకు కెటిల్లో వేసి, వేడినీళ్ళు పోసి మూడు నిమిషాలకి వడకట్టి, పాలు లేకుండా ఇమ్మంటుంది. తెల్లారి ఒంటరిగా కూర్చుని తాగడానికి అది బావుంటుంది, కాదనను. మావాళ్ళకిస్తే "ఇదేం కషాయమే" అంటారు. మనం వాడే గుళికల టీపొడి, అంటే సీటీసీ, 1930లలో అస్సాంలో మొదలైంది. ఆకుని నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టడం వల్ల త్వరగా దిగుతుంది, ముదురు రంగొస్తుంది, పాలు పోసినా ఆ రుచి నిలబడుతుంది. మా గేదెపాలకి అదే సరిజోడు. గేదెపాలు చిక్కన కాబట్టి ఎనిమిది కప్పులకి అరలీటరు పాలు, అంతకి కాస్త ఎక్కువ నీళ్ళు, తలకో చెంచా పొడి. అల్లం దంచి ముందు నీళ్ళలోనే మరగనివ్వాలి. పచ్చిగా పాలలో వేస్తే అందులో ఉండే ఒక ఎంజైము పాలని విరిచేస్తుంది, మరిగిస్తే దాని పని అయిపోతుంది. బెల్లం టీ అయితే పొయ్యి దించాకే బెల్లం. మావాళ్ళలో ఇద్దరికి షుగరుంది, అందుకని పంచదార విడిగా గిన్నెలో.

అంతా ఒకేసారి కాచి ఫ్లాస్కులో పోసెయ్యొచ్చు గానీ అరగంటకే ఆ టీకి మగ్గిన వాసనొస్తుంది. డికాషన్ ముందే వడకట్టి ఉంచుకుని, అడిగినప్పుడల్లా పాలు పొంగించి కలుపుతాను. నాలుగు నిమిషాల పని, కబురు తెగదు. ఆరు దాటితే కాలవ మీంచి దోమలొస్తాయి కాబట్టి రెండో విడత ఐదున్నరకే ఇచ్చెయ్యాలి.

పాలబ్బాయికి చెప్పాను, "ఆయ్, ఆదివారం ఇంకో లీటరు కలిపి తెచ్చేత్తానండి" అన్నాడు. మినప్పప్పు బాగుచేసి పెట్టుకున్నాను. ఇనప మూకుడు ఒకటే ఉంది, రెండోది పక్కింటి పిన్నిగారిది తెచ్చుకోవాలి. నిన్న అమలాపురం ఆవిడ ఫోన్ చేసి మెనూ అంతా విని, "అన్నీ బావున్నాయే, మరి బజ్జీలో?" అంది. అరటికాయలు నువ్వే పట్రా, వెయ్యడం కూడా నువ్వే, ఆ కెమిస్ట్రీ సారు కథ మాత్రం నాకు వాళ్ళు చెబుతారు అన్నాను.