లాంచ్ రోజు వార్తా? వాడి చూసిన రివ్యూనా?

కొత్త ఫోన్ కొనే ముందు మన శ్రీకాకుళం కుర్రాళ్ల కంట ముందు పడేది లాంచ్ వార్తే. అందులో చాలావరకు కంపెనీ ప్రెస్ నోట్ మాటలే: ‘అదిరిపోయే కెమెరా’, ‘గరిష్ఠంగా రెండు రోజుల బ్యాటరీ’. ఆ ‘గరిష్ఠంగా’ దగ్గర కాస్త ఆగాలి. ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు అన్నది వార్తలో కనిపించదు.

మంచి రివ్యూ అయితే ఫోన్ ఎన్నాళ్లు వాడారో, సొంత డబ్బుతో కొన్నారో కంపెనీ ఇచ్చిందో చెబుతుంది.

ఫోన్‌లోకి దుమ్మూ నీళ్లూ చేరకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే రేటింగ్ ఐపీ68 సంగతే చూడండి. లాంచ్ వార్త ‘నీళ్లలో పడినా భయం లేదు’ అంటుంది. రివ్యూ అలా వదిలేయదు. ఆ పరీక్ష ల్యాబ్‌లో మంచినీళ్లతో చేస్తారని, లోతూ సమయమూ కంపెనీయే చెబుతుందని, నీళ్లు చేరి పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదని రాస్తుంది. కళింగపట్నం బీచ్‌లో ఫోన్ పట్టుకుని ఉప్పునీళ్లలోకి దిగేవాళ్లకు ఇది వేల రూపాయల మాట.

ధర, అమ్మకాల తేదీ కావాలంటే లాంచ్ వార్త చాలు. రివ్యూలన్నీ నిజాయితీగా ఉంటాయనీ కాదు. డబ్బో వస్తువో తీసుకున్న ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2021 నుంచి ప్రకటనల రంగ స్వీయ నియంత్రణ సంస్థ అస్కీ మార్గదర్శకాలున్నాయి. వీడియోలో ఆ సంగతి చెప్పే లేబుల్, కింద కమీషన్ తెచ్చే కొనుగోలు లింకులు ఉన్నాయేమో వెతకండి. అయినా డబ్బు కట్టే ముందు నేను నమ్మేది లోపాలు కూడా రాసిన రివ్యూనే.